మీ బావ ఊదిన విజిల్

రాజోలు,
డిసెంబరు, 1998

చి.ల.సౌ. వెంకటదుర్గకు,

నీ భర్త లోవరాజు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అమ్మాయి ప్రశాంతి క్షేమం. మీ అమ్మగారు క్షేమం, ఆవిడ నోరు మరీ క్షేమం. అందరికన్నా ఎక్కువ క్షేమంగా ఉన్నవాడు మీ మేనబావ శివనాగరాజు. కువైట్లో నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉంటున్న ఆ ముసలమ్మగారూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పెనం మీద పెసరట్టు మాడిపోతున్నా వదలకుండా చదివాను. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తున్నాను, తరవాత దాటవేశానని అనకు. మీ అమ్మగారి మోకాలికి నువ్వు పంపిన తైలం రాస్తున్నాం. నొప్పి తగ్గిందో లేదో ఆవిడ చెప్పడం లేదు గాని, ఆ సీసా మూత తీసి 'మా దుర్గ పంపిందమ్మా' అని వాసన చూపించడానికి వీధి చివరిదాకా నడిచి వెళుతోంది. అంటే తగ్గినట్టే. తుఫానుకి ఎగిరిపోయిన వంటింటి కప్పు బదులు రేకులు వేయించాం. వాన పడితే లోపల మాట వినపడదు. మీ అమ్మగారూ నేనూ ఒకే ఇంట్లో ఉండడానికి అది మంచిదే. తుఫాను వెళ్ళాక, కువైట్ వెళ్ళేముందు నువ్వు నాటిన కొబ్బరి మొక్కలు నా ఎత్తు దాటాయి. హోటల్ బాగానే నడుస్తోంది. నేను వేళకి తింటున్నానా అని అడిగావు. హోటల్ వాడు వేళకి తినడు, అందరూ తిన్నాక తింటాడు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. 'కాలేజీ టోర్నమెంటుకి నాగరాజు బావ రిఫరీగా వస్తున్నాడటగా. ఎలా ఉన్నాడు? బాగా చిక్కిపోయాడని విన్నాను. అమ్మాయి ఆట చూసి ఏమన్నాడు?' అని రాశావు. నా గురించి ఒక్క ముక్క, మీ బావ గురించి నాలుగు. లెక్కపెట్టకూడదనే అనుకున్నాను దుర్గా. కళ్ళు మన మాట వినవు.

అతగాడు చిక్కిపోలేదు. చిక్కిపోయినవాడు అలా తినడు. ఆ సంగతి తరవాత రాస్తాను. ముందు టోర్నమెంటు గురించి రాస్తాను, ఎందుకంటే అమ్మాయి జీవితం దాంతో ముడిపడి ఉంది.

కాలేజీల మధ్య అమ్మాయిల బాస్కెట్‌బాల్ పోటీలు ఈసారి మన రాజోల్లోనే పెట్టారు. ఆఖరి రోజు ఆట చూడడానికి విశాఖపట్నం నుంచి ఇద్దరు మేడమ్‌లు వస్తారని, బాగా ఆడినవాళ్ళని యూనివర్సిటీ జట్టులోకి తీసుకుంటారని చెప్పారు. యూనివర్సిటీ జట్టులో ఆడితే ఆ సర్టిఫికెట్‌తో మన అమ్మాయికి వ్యాయామ టీచరు కోర్సులో సీటు వస్తుంది. సీటు వస్తే ఉద్యోగం. 'నాకు ఉద్యోగం వచ్చిన రోజే అమ్మని విమానం ఎక్కించి తెచ్చేస్తాను నాన్నా' అని అది బంతి పట్టుకున్నప్పుడల్లా అంటుంది. నీకు రాయొద్దంది. రాసేశాను.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఎదుటి జట్టువాళ్ళని చేత్తో కొట్టినా, తోసినా, దారికి అడ్డం పడి గుద్దుకున్నా రిఫరీ విజిల్ ఊదుతాడు. దాన్ని ఫౌలంటారు. ఒక మనిషి అయిదు ఫౌల్స్ చేస్తే ఇక ఆ ఆటలో ఉండడానికి వీల్లేదు, వెళ్ళి బెంచీ మీద కూర్చోవలసిందే. ఎంత బాగా ఆడేదైనా సరే. అంటే విజిల్ ఎవడి నోట్లో ఉంటే ఆట వాడి చేతిలో ఉన్నట్టు. ఆ విజిల్ మీ బావ నోట్లో పెట్టారు. రెండో రిఫరీ సాలమోను అని, రాజమండ్రి వైపు మనిషి.

మొదటి ఆటలోనే సగం కాకముందు మన అమ్మాయి మీద మూడుసార్లు ఊదాడు మీ బావ. నేను ఊరుకుంటానా? బెంచీ ఎక్కి అరిచాను.

"ఓయ్ మాస్టారండీ! అమ్మాయి ముట్టుకోలేదండీ, గాలి తగిలిందండీ! గాలికి కూడా ఫౌలేనాండీ?"

జనం గొల్లుమన్నారు. మీ బావ ఇటు తిరిగి కూడా చూడలేదు. మీ అమ్మగారు మాత్రం నా పంచె పట్టుకుని కిందికి లాగింది.

"కూకోండి అల్లుడుగారూ. మా నాగరాజు ఊదేడంటే అక్కడ తప్పు ఉన్నట్టే."

"ఆయ్. మీ నాగరాజు ఉగ్గుపాలు కూడా విజిల్ పెట్టుకునే తాగేడేమోనండీ."

"మీ నోటికి కూడా అయిదు దాటితే బెంచీ ఉంటే బాగుండునండీ. పొద్దున్న కాఫీ వేళకే అయిపోయేది మీ ఆట."

అది మీ అమ్మగారి అభిమానం. ఆవిడ అన్నగారి కొడుకాయె. నీ పెళ్ళి అతనితోనే అనుకున్నారని, వ్యాయామ టీచరు కోర్సు బీపీఈడీ పాసై ఉద్యోగం వచ్చేదాకా ఆగమని అతనన్నాడని, ఈలోగా నేను ఊడిపడ్డానని ఇన్నేళ్ళ నుంచీ వింటూనే ఉన్నాను. పైగా వరసలు చూడు. నీ మేనబావ కాబట్టి అమ్మాయికి అతను పెదనాన్న. నాకన్నా ఆరు నెలలు పెద్ద కాబట్టి నేను అతన్ని 'అన్నయ్యా' అనాలి, అతను నన్ను 'తమ్ముడూ' అంటాడు. ఈ వరసలు కట్టినవాడెవడో గాని నామీద పగతో కట్టాడు.

నాకేమనిపించిందంటే, నిన్ను నేను కట్టుకున్న కసి ఇరవయ్యేళ్ళు కడుపులో దాచి, ఇప్పుడు నా కూతురి మీద విజిల్ రూపంలో కక్కుతున్నాడని. నవ్వకు. అక్కడ ఎండలో నిలబడి ఉంటే నీకూ అలాగే అనిపించేది. తిన్నగా కాలేజీ ఆటల మాస్టారి దగ్గరకి పోయి, ఆ రిఫరీ మాకు దగ్గర చుట్టం, మార్చమన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని నవ్వాడు.

"చుట్టరికంతో లాభం చేస్తే ఎదటోళ్ళు కంప్లైంటు ఇస్తారు గాని, నష్టం చేసేడని మీరు ఇస్తారేంటండీ లోవరాజుగారూ? అయినా కోనసీమలో చుట్టం కానోణ్ణి ఎక్కణ్ణించి తెమ్మంటారండీ?"

సరే, మాటతో పని కాదనుకున్నాను. మర్నాడు హోటల్లో పెందలాడే టిఫిన్లు చాలించి, మన అమ్మాయి ఆటే కాదు, అందరి ఆటలూ కూర్చుని చూశాను. మీ బావ తప్పు ఒకటి పట్టుకుని మైకులో చెప్పించాలని నా కోరిక. నడుం మీద చెయ్యి వేసిందని మన అమ్మాయి మీద ఊదాడు కదా, కాకినాడ అమ్మాయి వేస్తే ఊదడేమో చూద్దామని కాచుకున్నాను. ఊదాడు. భీమవరం అమ్మాయి వేస్తే? ఊదాడు. ఆట మొదట్లో ఊదినది ఆఖర్లో జనం గోల చేస్తుంటే వదిలేస్తాడేమో అనుకున్నాను. వదల్లేదు. ఓడిపోయే జట్టు ఏడుస్తోందని జాలిపడి గెలిచేవాళ్ళ మీద ఒకటి అదనంగా ఊదుతాడేమో చూశాను. ఊహూ.

సాలమోను అలా కాదు. అతను మన మనిషే, నాకు చాలా నచ్చాడు. పొద్దున్న చెయ్యి తగిలితే ఊదేవాడు, మధ్యాహ్నం మనిషి పడితే గాని ఊదేవాడు కాదు. ఈ జట్టు మీద ఒకటి ఎక్కువైందని గొడవ చేస్తే అవతలి జట్టు మీద ఒకటి ఊది సర్దేవాడు, పప్పులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోసినట్టు. పిల్లలు మాత్రం అతని ఆటలో చెయ్యి చాపాలో వద్దో తెలియక గుడ్లప్పగించి నిలబడేవాళ్ళు. మీ బావ ఆటలో ఆ తికమక లేదు. ఇది చేస్తే ఊదుతాడు, ఇది చేస్తే ఊదడు, అంతే.

దుర్గా, తప్పు దొరకని మనిషి మీద కుళ్ళు పెట్టుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు. పట్టుకోడానికి ఎక్కడా కొస దొరకదు.

ఆ సాయంకాలం అమ్మాయి హోటల్లో బల్ల మీద కూర్చుని ఇడ్లీలు తింటోంది. నేను మెల్లిగా మొదలుపెట్టాను.

"ఏమే, మీ పెదనాన్న నీమీద పగబట్టేడా ఏంటి?"

"లేదు నాన్నా. ఆ మూడూ నావే. చెయ్యి ముందుకి పోతోంది. ఇవాళ వెనక్కి తీసుకున్నాను, చూశావా, ఒక్కటే పడింది. పెదనాన్న అందరికీ ఒకేలా ఊదుతాడు. అది తెలిస్తే చాలు, ఎలా ఆడాలో మనకే తెలుస్తుంది."

"అంటే మంచోడంటావు."

"మంచో చెడో కాదు. ఇవాళ ఊదింది రేపూ ఊదుతాడు. నీకులా కాదు."

"నాకులా అంటే?"

అది నవ్వుతూనే అంది. "నేను నీళ్ళ చెంబుకి దారం కట్టి అమ్మమ్మ మీద నీళ్ళు పడేలా చేస్తే ఒకరోజు పడీ పడీ నవ్వావు. మర్నాడు అదే చేస్తే వీపు చీరేశావు. ఏ రోజు నవ్వుతావో, ఏ రోజు కొడతావో నాకు చిన్నప్పట్నించీ తెలిసేది కాదు నాన్నా."

అని ఇంకో ఇడ్లీ అడిగింది. నేను వేశాను. చట్నీ వెయ్యడం మరిచిపోయాను.

అప్పటిదాకా నిన్ను గురించి పడిన కుళ్ళు వేరు. అది పాతది, అలవాటైపోయింది, కాలి ఆనె లాగా. ఇది కొత్తది. నా కూతురు నన్నూ అతన్నీ పక్కపక్కన నిలబెట్టి చూసి, అతను ఎత్తుగా ఉన్నాడంది.

ఆఖరి రోజు ఫైనల్. మన జట్టుకీ కాకినాడ నుంచి వచ్చిన జట్టుకీ. ఆట మధ్యాహ్నం మూడింటికి. రిఫరీలకి కాలేజీలో సాంబారన్నం పొట్లాలు పెడుతున్నారని విన్నాను. ఇంటల్లుడి వరస మనిషి... అదే, అన్నగారి వరస మనిషి మన ఊరొచ్చి పొట్లాం తింటే మనకి పరువుతక్కువ కాదూ? వెళ్ళి పిలిచాను. ఇక్కడ నువ్వు కనుబొమ్మలు ముడిచి ఉంటావు. చదువు, చదువు.

"వద్దు తమ్ముడూ, ఆటుంది. పెరుగన్నం చాలు నాకు" అన్నాడు.

"అదే అన్నయ్యా, పెరుగన్నమే. మీ అత్తయ్యగారు చూడాలంటున్నారు, మోకాలు నొప్పితో ఎక్కడికీ కదల్లేకపోతున్నారు పాపం."

మీ అమ్మగారు ఉదయం నుంచి ఆట కోర్టు దగ్గరే ఉన్నారనుకో. ముందుగా ఇంటికి పంపించి మంచం మీద కూర్చోబెట్టాను. 'మీ మేనల్లుడికి ఆకలి, అడగడానికి మొహమాటం' అని మాత్రం చెప్పాను. ఆ మాట చాలు ఆవిడకి.

అరిటాకు వేశాం. పెరుగన్నం ఆఖర్న వస్తుంది కదా, అప్పటిదాకా ఊరికే కూర్చోకూడదని ముద్దపప్పు, ఆవకాయ, గిన్నెడు నెయ్యి. పనసపొట్టు కూర. గారెలు, కోడిమాంసం. పండుగప్ప చేపల పులుసు, నువ్వు వండినట్టే బెండకాయలు వేసి. బూరెలకి బొటనవేలితో చిల్లిపెట్టి అందులో నెయ్యి పోశాను. అతను చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోశాను. పెళ్ళిళ్ళలో వడ్డన నాది కదా, వియ్యాలవారిని లేవనివ్వని విద్య నా దగ్గర ఉంది.

"చాలు తమ్ముడూ, పరిగెత్తాలి."

"మీరు పరిగెత్తేది ఏముందన్నయ్యా, నిలబడి ఊదడమే కదా."

"అన్నం ముందు కూకున్నోడు అలా మధ్యలో చెయ్యి ముడుచుకుంటే ఎలారా నాగరాజూ? మా అన్నయ్య బతికుంటే ఈపాటికి మూడోసారి వడ్డించుకునేవోడు" అని మీ అమ్మగారు కళ్ళు తుడుచుకుంది. పోయిన తండ్రిని తలిచాక ఆకు ముందు నుంచి లేచే మగాడు గోదావరి జిల్లాల్లో పుట్టలేదు. పాపం, అతనికి మర్యాద ఎక్కువ. వద్దన్నది వద్దని గట్టిగా అనలేడు. విజిల్ ఉంటేనే అతనికి నోరు.

పులుసు దగ్గర మాత్రం ఒక సంగతి జరిగింది. రెండో ముద్ద తిని ఆగిపోయాడు. "ఇది దుర్గ చేతి రుచి తమ్ముడూ" అన్నాడు. "ఎన్నేళ్ళయిందో." ఆ తరవాత నేను బలవంతం చెయ్యలేదు. అతనే అడిగి వేయించుకున్నాడు. నా ఇంట్లో, నేను వండిన పులుసు, నీ పేరు చెప్పుకుని, నా కళ్ళ ముందు. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నా మొహం నువ్వు చూడకపోవడమే మంచిదైంది.

పెరుగన్నం కూడా తిన్నాడు. మాట మాటే కదా.

మొదటి సగం ఎలాగో నడిచింది. అతను ఆవలిస్తున్నాడు గాని ఊదుతున్నాడు. అమ్మాయి ఎంత బాగా ఆడిందో ఎలా చెప్పను! ఆ మేడమ్‌లిద్దరూ ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవడం నేను చూశాను. రెండో సగంలో ఎండ, పులుసు, నెయ్యి అన్నీ కలిసి అతని కాళ్ళకి పట్టుకున్నాయి. రిఫరీలిద్దరూ బంతి వెంట ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తుతూ ఉండాలి, ఒకడు ఒక పక్క, ఒకడు రెండో పక్క చూసుకోవాలి. మీ బావ మాత్రం మేం కూర్చున్న షామియానా వైపు బుట్ట దగ్గరే ఆగిపోయాడు. ఆ చివరకి సగం దూరం వెళ్ళేసరికి ఆట మళ్ళీ వెనక్కి వచ్చేసేది.

ఈ చివర మన అమ్మాయి అవతలివాళ్ళని అడ్డుకోవాలి. ఇక్కడ అతను పక్కనే ఉన్నాడు, వేలు తగిలినా ఊదాడు. ఆ చివర మన అమ్మాయి బుట్టలో బంతి వెయ్యాలి. అక్కడ అతను లేడు. కాకినాడ పిల్ల మన అమ్మాయి చేతి మీద చరిచినా, మోచేత్తో పొడిచినా విజిల్ లేదు. సాలమోను అక్కడే ఉన్నాడు గాని ఆ పక్క మీ బావది, అతను చూసుకుంటాడులే అనుకున్నాడు. మీ బావ ఏమో నడి కోర్టులో నడుం పట్టుకుని ఉన్నాడు.

ప్రశాంతి దెబ్బ తిన్న ప్రతిసారీ తిరిగి అతని వైపు చూసింది. కోపంగా కాదు. మెట్టు ఉంటుందని కాలు పెట్టి, లేక తూలినవాళ్ళు చూసినట్టు. అతని లెక్క నమ్ముకుని ఆడే పిల్ల. ఆ లెక్క తప్పేసరికి దాని ఆటే తప్పిపోయింది. మూడు ఫౌల్స్ ఇట్టే అయ్యాయి, నాలుగోదీ పడింది. తరవాత, ఆట ఇంకా చాలా ఉండగా, అయిదోది. బెంచీ మీద కూర్చుని తువ్వాలు మొహం మీద కప్పుకుంది. మన జట్టు ఓడిపోయింది.

మేడమ్‌లు పేర్లు చదివారు. దాని పేరు లేదు.

నేనప్పుడు ఏమనుకున్నానో రాయమంటావా? ముందు అనుకున్నది, 'మీ పెదనాన్న ఒకేలా ఊదుతాడన్నావుగా, చూడు' అని. నిజం. అది ఉన్నది ఎంతసేపు, కన్ను మూసి తెరిచేంత. తరవాతే ఆ తువ్వాలు కింద ఉన్నది నా కూతురని గుర్తొచ్చింది.

ఈలోగా మీ బావ ఏం చేశాడనుకున్నావు? చెమటలు కారుతూ తిన్నగా ఆ మేడమ్‌ల బల్ల దగ్గరకి వెళ్ళాడు. నేను వెనకే ఉన్నాను, విన్నాను.

"మేడమ్, ఇవాళ నా వల్ల ఆట చెడిపోయిందండి. ఈ చివర నేను ఊదిన తాకుడే ఆ చివర ఆ అమ్మాయికి తగిలింది, నేను వెళ్ళలేకపోయేను, ఊదలేదు. ఆ పిల్ల బయటికి పోవలసింది కాదండి. కావలిస్తే నామీద రాసుకోండి. ఆ అమ్మాయిని మాత్రం ఇంకొకసారి చూడండి."

"మీకు ఒంట్లో బాగాలేదా మాస్టారూ?" అని ఆవిడ అడిగింది.

"బాగానే ఉందండి. బాగా లేకపోతే చెప్పుకోడానికి ఉండేది."

నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వాళ్ళు మాట్లాడుకుని, అమ్మాయిని విశాఖపట్నం శిబిరానికి పంపమన్నారు, అక్కడ మళ్ళీ ఆడించి చూస్తామన్నారు. మీ బావని మాత్రం వచ్చే నెల పెద్ద పోటీల్లో ఊదాల్సినవాణ్ణి జాబితాలోంచి తీసేశారట. కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే పక్కకి వెళ్ళి నిలబడ్డాను. నేనేదో అనబోయేలోపే అన్నాడు.

"నీ తప్పేం లేదు తమ్ముడూ. ఆటకి ముందు ఎంత తినాలో తెలీనోణ్ణా నేను?"

చూశావా? ఒప్పుకోవడంలో కూడా నన్ను ముందుకి పోనివ్వలేదు. తప్పు నాది, దాన్ని కూడా లాక్కుపోయి తన భుజాన వేసుకున్నాడు. అక్కడ కూడా అతనే ఎత్తుగా కనిపించాడు.

అప్పుడు కూడా నేను నోరు మూసుకునే ఉన్నాను దుర్గా. అలాగే ఉండిపోయేవాణ్ణేమో. నోరు విప్పించింది మంచితనం కాదు, అదీ కుళ్ళే. మర్నాడు పొద్దున్న అమ్మాయి జడ వేసుకుంటూ, "నాన్నా, పెదనాన్నకి నిన్న ఏదో అయింది. గుండె నొప్పేమో, దాచేడేమో. ఎప్పుడూ అలా ఆగిపోడు. కొత్తపేటలో వాళ్ళింటికి వెళ్ళి చూసొద్దాం పద" అంది. దాని చేతి మీద చరుపుల వాత ఇంకా ఎర్రగా ఉంది, దాని పేరు పోయింది, అయినా దాని బాధ అతని గుండె గురించి! నేను తట్టుకోలేకపోయాను.

"గుండే లేదు, గుమ్మడికాయా లేదు! బూరెలు! నేనే తినిపించేను, కావాలని తినిపించేను. పరిగెత్తకుండా ఉండాలని, విజిల్ తప్పాలని, నీ కళ్ళ ముందు నవ్వులపాలవ్వాలని!"

అనేశాను. వంటింట్లో మీ అమ్మగారి చేతిలో గ్లాసు కింద పడింది. అమ్మాయి జడ సగంలో ఆపి నా మొహంలోకి చూసింది.

"ఎందుకు?"

"ఒకేలా ఊదుతాడన్నావుగా."

అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. జడ పూర్తిచేసి, రబ్బరు బ్యాండు వేసుకుని, అప్పుడు అంది.

"వైజాగ్ నాతో నువ్వు రావద్దు నాన్నా. అమ్మమ్మ వస్తుంది."

"అదేంటే, నేను..."

"వేరే ఎవరు చేసినా నేను ఇదే అంటాను. పెదనాన్న చేసినా ఇదే అంటాను. నువ్వు ఇంటి దగ్గర కూర్చో. అమ్మకి ఉత్తరం రాయి. నేను రాస్తే నువ్వు చేసింది ఒక్కటే రాస్తాను. నువ్వు రాస్తే ఎందుకు చేశావో కూడా రాసుకోవచ్చు."

అదీ సంగతి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. ఎందుకు చేశానంటే, నాకు కుళ్ళు. నీ నోట అతని పేరు వస్తే కుళ్ళు. మీ అమ్మగారు అతన్ని 'ఒరే' అని, నన్ను 'అల్లుడుగారూ' అంటే కుళ్ళు. నా కూతురు 'పెదనాన్న' అన్నప్పుడు అందులో 'నాన్న' వినపడితే కుళ్ళు. ఊళ్ళో అందరినీ నవ్వించేవాణ్ణి కదా, ఇది ఎవరికీ కనపడదు. పొద్దుట నుంచి సాయంకాలం దాకా నేను ఏడిపించే మనుషులందరి కన్నా ఎక్కువ ఏడ్చేవాణ్ణి నేనే.

ఇక్కడిదాకా రాసి ఉత్తరం ఆపాను, శిబిరం సంగతి తేలకుండా నీకు పంపితే నిద్రపోవని. వాళ్ళిద్దరూ వెళ్ళిన రోజున బస్సు దాకా సంచి మోశాను. అంతవరకు ఒప్పుకుంది. కిటికీలోంచి మీ అమ్మగారు, "హోటల్ పాలు విరక్కొట్టకండి అల్లుడుగారూ, మనసు ఎలాగూ విరిగింది" అంది. అమ్మాయి నవ్వాపుకుంది. దాంతో వారం బతికాను.

ఇవాళ పొద్దున్న ఎస్‌టీడీ బూతు రాజబాబు అట్ల మధ్యలోకి పరిగెత్తుకొచ్చాడు. "లోవరాజుగారండీ, వైజాగ్ నుంచి ఫోను! పెట్టేయకుండా ఉంచేనండి, రండి రండి!" పిండి చేత్తోనే రిసీవరు పట్టుకున్నాను.

"నాన్నా! తీసుకున్నారు. జట్టులో ఉన్నాను."

రాజబాబు అద్దం అవతల చెవి పెట్టి వింటున్నాడు కాబట్టి నేను ఏడవలేదు. పిండి కంట్లో పడింది.

"మీ పెదనాన్నకి చెప్పావా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"చెప్పాను. ముందు ఆయనకే చేశాను."

"ముందు ఆయనకా?"

"ఆయన్నే కదా నాన్నా జాబితాలోంచి తీసేసింది" అంది. తరవాత, "ఆదివారం బస్సుకి వస్తాం. రాజోలు సెంటర్లో నిలబడు. సంచి బరువుగా ఉంది" అంది.

నిలబడతాను. తెల్లారి వచ్చే బస్సయినా, సాయంకాలం వచ్చే బస్సయినా నిలబడతాను.

కొత్తపేట కూడా వెళ్ళి అతని జాబితా సంగతి ఏం చెయ్యవచ్చో, ఎవరి కాళ్ళు పట్టుకోవాలో కనుక్కుంటాను. ఆ మేడమ్‌ల దగ్గరకి పోయి నేను చేసింది నా నోటితో చెబుతాను. నవ్వుతారు, నవ్వనీ. జీవితంలో మొదటిసారి నేను నవ్వించకుండా నవ్వుతారు.

ఇక నీ వంతు. అమ్మాయి నాకు వేసిన శిక్షలో తప్పులేదు, మీ బావకైనా అదే వేసేది, నేను నమ్ముతున్నాను. ఆటలో అందరికీ ఒకేలా ఊదాలని నాకు ఈ వయసులో తెలిసింది, ఒప్పుకుంటున్నాను. కాని నువ్వు మాత్రం అలా చెయ్యకు దుర్గా. ఈ పని మీ బావ చేసి ఉంటే అతన్ని ఎంత తిట్టేదానివో, నన్ను దానికన్నా ఒక్క మాటైనా ఎక్కువ తిట్టు. సమానంగా తిడితే నేను ఓర్చుకోలేను.

ఇట్లు,
నీ మొగుణ్ణే,
లోవరాజు